నత్త చదివిన కాగితం

నాన్నకు,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే ప్రభువు కృపలో బాగున్నానంటావు. ఆ మాట చదివే ఓపిక నాకు లేదు. నాలుగేళ్ళ తర్వాత నీకు రాస్తున్నది యోగక్షేమాల కోసం కాదు. సంఘ పెద్దల దగ్గర నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నిన్ను మళ్ళీ ప్రసంగ వేదిక ఎక్కించాలనుకుంటున్నారట. చెల్లి చావులో నీ తప్పేమీ లేదని కుటుంబం తరఫున నేనొక ముక్క రాసిస్తే చాలునట. అమ్మ ఏనాడో పోయింది కాబట్టి కుటుంబమంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. నెలాఖరులోగా జవాబు కావాలన్నారు.

రాయను నాన్నా. నీ తప్పు ఉందనే రాస్తాను. అది చదివాక వాళ్ళు నిన్ను ఈ జన్మలో వేదిక ఎక్కనివ్వరని తెలుసు. చాటుగా దెబ్బకొట్టింది అనిపించుకోవడం ఇష్టం లేక ముందు నీకే చెబుతున్నాను.

ఎందుకో కూడా చెబుతాను, నీకు మరుపు ఎక్కువ. చెల్లికి నత్త అని పేరు పెట్టింది నువ్వే, ఒక్క బొత్తాం కుట్టడానికి పావుగంట తీసుకుంటుందని. చివరికి అది పనిచేసే కుట్టు దుకాణంలో వాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు, అది కూడా నవ్వుతూ పలికేది. పన్నెండో ఏట నుంచి దానికి మూర్ఛలు. పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర. దానికి ఇరవై మూడేళ్ళప్పుడు ఉపవాస కూడికల్లో దాని తలమీద చెయ్యిపెట్టి నువ్వు ప్రార్థన చేశావు. ఆ తర్వాత రెండు నెలలు మూర్ఛ రాలేదు. ఇంకేముంది, సంఘమంతా దాన్ని చూడ్డానికి ఎగబడింది. ఒక ఆదివారం అది వేదిక ఎక్కి, దేవుడు తనకు చేసిన మేలు గురించి కాగితం చూసి సాక్ష్యం చదివింది. మాత్రలు మానేశానని, ఇక తన వైద్యుడు ప్రభువేనని చదివిన చోట జనం చప్పట్లు కొట్టారు. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. ఇరవై ఆరు రోజుల తర్వాత స్నానాల గది తలుపు పగలగొట్టింది కూడా నువ్వే. అది మూర్ఛ వచ్చి పడిన తొట్టిలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు.

పెద్దలు అడిగితే ఏమన్నావు? "మాత్రలు మానమని నేను చెప్పలేదండీ" అన్నావు. మాట మటుకు నిజమే కావచ్చు. కానీ మానేశానని అది అందరి ముందూ చదువుతుంటే, దగ్గరికెళ్ళి "అలా మానకూడదమ్మా" అనలేదే? కాపరివి కదా, మందలో నీ సొంత పిల్ల కనపడలేదా?

నేనిప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తున్నాను. నేలమాళిగ, కిటికీలుండవు. రోజంతా దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోకి అందించడమే పని. యంత్రం మోతలో ఎవరూ నన్ను మాట్లాడించరు, అదే సుఖం. ప్రార్థన మానేసి నాలుగేళ్ళయింది. మానేశాననడం కంటే రావడం లేదనడం సరైన మాట. మొదలుపెడితే గొంతు దగ్గరే ఆగిపోతుంది. నాకు మిగిలిన కాస్త విశ్వాసాన్నీ నీ చేతులతో నువ్వే పూడ్చిపెట్టావు. ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు, నీకు కోపం వస్తే రానీ.

నీ పెద్దది


నాన్నా,

పెద్దలకు ఇంకా ఏమీ రాయలేదు. నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లూ రాయకుండానే లేచాను. ఇది వాళ్ళకు రాయాల్సిన ఉత్తరం కాదని ఇప్పుడు అర్థమైంది.

పోయిన ఉత్తరంలో నత్త కాగితం చూసి చదివిందని రాసి ఊరుకున్నాను. ఆ కాగితం ఎవరు రాశారో రాయలేదు.

మంగళవారం మూడో అంతస్తుకు ఉతికిన దుప్పట్లు తీసుకెళ్తుంటే వరండాలో ఒకామె దబ్బున పడిపోయింది. మూర్ఛతో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె నోరు బలవంతంగా తెరవబోతున్నారు, చేతులు గట్టిగా పట్టుకోబోతున్నారు. "ముట్టుకోకండి" అని అరిచి, దుప్పటి మడిచి తలకింద పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నా చేతులకు ఆ పని ఇంకా గుర్తుంది. సాయంత్రం ఉండబట్టలేక వార్డుకు వెళ్ళి ఎలా ఉందని అడిగాను. ఆమె సిగ్గుపడుతూ "నేనే మాత్రలు ఆపేశానమ్మా. తగ్గిపోయిందని చుట్టాలందరికీ చెప్పేసుకున్నాను. మళ్ళీ వేసుకుంటే ఏమనుకుంటారో అని" అంది. మెట్లు దిగి కిందికొచ్చి, ఉతకాల్సిన మూటల మధ్య కూర్చుండిపోయాను.

నీకు తెలుసు కదా, మన సంఘంలో నోరు తిరగనివాళ్ళందరికీ సాక్ష్యాలు రాసిపెట్టేది నేనే. వాళ్ళు రెండు ముక్కలు చెబితే నేను ఇరవై చేసేదాన్ని. ఏ వాక్యం దగ్గర ఆమెన్ అంటారో, ఎక్కడ ఏడుస్తారో రాసేటప్పుడే తెలిసేది. వెనక బెంచీలో కూర్చుని అది జరుగుతుంటే చూసి మురిసిపోయేదాన్ని. దేవుని పని అనుకునేదాన్ని. నత్త వచ్చి "రెండు నెలలుగా రాలేదక్కా, అంతే రాయి. మాత్రలు వేసుకుంటూనే ఉన్నానని కూడా రాస్తావా?" అంది. అది రాస్తే ఇక సాక్ష్యంలో పసేముంటుంది అనుకున్నాను. మాత్రలు మానేశాననే వాక్యం నాది నాన్నా. చప్పట్లు ఎక్కడ రావాలో అక్కడే పెట్టాను. అది ఒకసారి చదువుకుని, ఏమీ అనకుండా మడిచి తీసుకెళ్ళింది.

ఇంతే అయితే పొరపాటు అనుకోవచ్చు. సాక్ష్యం చెప్పిన నాలుగో రోజు దాని మాత్రల డబ్బా చూశాను. నిండుగా ఉంది. "ఏంటే ఇది?" అంటే, "అందరి ముందూ చెప్పేశాను కదక్కా. ఇప్పుడు వేసుకుంటే దేవుడి దగ్గర అబద్ధమాడినట్టు కదా" అంది. అప్పుడు నాకు భయం వెయ్యలేదు. గర్వంగా అనిపించింది. నా వాక్యం నిజమవుతోందని గర్వపడ్డాను. డబ్బా మూత పెట్టి నా పని నేను చూసుకున్నాను.

నువ్వు తలుపు పగలగొట్టిన రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. పెద్దలు నిన్ను నిలదీస్తుంటే పక్కనే నిలబడి నీవైపు కోపంగా చూశాను. అలా చూడగా చూడగా కోపమే నిజమైపోయింది. ఈ నాలుగేళ్ళూ దాంతోనే బతికాను.

మా లాండ్రీలో ఒక పెద్దక్క ఉంది, మా మీద అజమాయిషీ ఆమెదే. విధవరాలు, పనిచేస్తూ తనలో తనే ప్రార్థన చేసుకుంటుంది, ఎవరికీ నీతులు చెప్పదు. మంగళవారం మూటల మధ్య ఏడుస్తున్న నన్ను చూసి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. అంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. "తప్పు నీదే" అంది. "మూట విప్పకుండా ఉతకమంటే ఎవరు ఉతుకుతారు? ఇప్పుడు విప్పావు. ఇది ప్రభువుకు చెప్పు. మీ నాన్నకూ చెప్పు" అంది. తప్పు నీదేనని నాతో ఎవరైనా అంటే చచ్చిపోతానని నాలుగేళ్ళుగా భయపడ్డాను. అన్నాక ఊపిరి ఆడింది.

అక్కడే అన్నాను, "ప్రభువా, అది నేనే రాశాను" అని. వెలుగూ రాలేదు, సమాధానమూ రాలేదు. ఆ ముక్క మాత్రం గొంతు దాటింది.

పెద్దలకు ఈ సంగతంతా రాస్తాను. నువ్వు వేదిక ఎక్కు. నన్ను మాత్రం ఇంటికి రమ్మనకు, నీ ముఖం చూడలేను.

నీ పెద్దది


నా పెద్ద తల్లికి,

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. పెద్దలకు నువ్వు ఏమీ రాయనక్కర్లేదు. మొన్న ఆదివారం నేనే లేచి చెప్పాను. ఏం చెప్పానో నీకు తెలియాలి. తెలిశాక నన్ను అసహ్యించుకుంటే అది నీ న్యాయం.

ఆ కాగితం నువ్వు రాశావని నాకు ముందే తెలుసు. ఆ శనివారం మధ్యాహ్నం నేను ప్రసంగం సిద్ధం చేసుకుంటుంటే చిన్నది వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. దాని సంగతి తెలుసు కదా, నోరు విప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. "నాన్నా, అక్క బాగా రాసింది కానీ ఈ ఒక్క ముక్క నిజం కాదు. నేను వేసుకుంటూనే ఉన్నాను. కొట్టెయ్యనా?" అని అడిగింది. నేను చదివాను. బాగుందనిపించింది తల్లీ. నా ప్రార్థనకు అంత పెద్ద జవాబు నా సొంత కూతురి నోట వినాలని ఆశపడ్డాను. "ఉండనివ్వు, విశ్వాసంతో చదువు" అన్నాను. తలెత్తి దాని ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

మానమని నేను చెప్పలేదని పెద్దలతో అన్నది అందుకే. ఆ మాటలో అబద్ధం దొరకదు. నీ కాగితం వాళ్ళకు చూపించలేదు. నిన్ను కాపాడుతున్నానని, నీ తప్పు కూడా నేనే మోస్తున్నానని నాలో నేను గొప్పలు పోయాను. మోయడమూ లేదు, ఏమీ లేదు. నువ్వు ఒప్పుకుంటే నా మాట బయటపడుతుందని భయం. నువ్వు నా మీద కోపంతో వెళ్ళిపోతుంటే ఆపకపోవడానికి కారణం కూడా అదే. ఒక కూతురు పోయాక రెండోదాన్ని పోగొట్టుకున్నాను, నా పేరు కోసం.

ఈ నాలుగేళ్ళూ ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుని, అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు జేబులో వేసుకునేవాడిని. దాచుకున్న పాపంతో తినలేకపోయేవాడిని. ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో తెలియక కాగితంలో చుట్టి దాచేవాడిని. సంఘ కాపరిని, నా బతుకు అలా ఉంది.

నీ రెండో ఉత్తరం చదివాక ఒకరోజంతా ఏమీ తినలేదు. చిన్న పిల్లవి, నువ్వు విప్పగలిగిన మూట ముసలివాడిని నేను విప్పలేకపోయాను. ఆదివారం లేచి నిలబడి నా భాగం చెప్పాను. నీ భాగం చెప్పలేదు, అది నీది. ఒకాయన "మీరింక ఈ గుమ్మం తొక్కద్దు" అన్నాడు. మన పక్కింటి ముసలామె జరిగి తన పక్కన చోటిచ్చింది. వేదిక విషయం ముగిసిపోయింది, నాకు బెంగ లేదు. ఆ రోజు రొట్టె నోట్లో పెట్టుకున్నాను. మింగడానికి చాలాసేపు పట్టింది.

నిన్ను క్షమించానని రాయడానికి నాకేం అర్హత ఉంది? అయినా రాస్తున్నాను. క్షమించాను. నన్ను క్షమించడానికి తొందరేం లేదు. మనిద్దరినీ కలిపి క్షమించాల్సినవాడు ఎప్పుడో ఆ పని చేశాడని నలభై ఏళ్ళు నేనే ప్రసంగించాను. ఇప్పుడు నమ్మడం నేర్చుకుంటున్నాను.

నాన్న


నాన్నా,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. నత్త నిన్ను అడిగిందని తెలియక, ఏమీ అనకుండా ఒప్పుకుందని నాలుగేళ్ళు అనుకున్నాను. అది మన ఇద్దరి దగ్గరికీ వచ్చింది. ఇద్దరమూ దాన్ని వెనక్కి పంపించేశాం.

నేను బాగుపడ్డానని రాయను. బాగుపడకముందే బాగుపడ్డామని చెప్పుకునే జబ్బే మన ఇంటిని తిన్నది. జరిగింది మాత్రం చెబుతాను. నిన్న ప్రార్థన చేశాను. మొదట నా కోసం చేశాను, తర్వాత పళ్ళు బిగబట్టి నీ కోసం చేశాను. బాగా ఏడ్చాను. ఆ తర్వాత నిద్రపట్టింది. పొద్దున్నే పెద్దక్క నా ముఖం చూసి "తిన్నావా?" అని అడిగింది. తిన్నానని చెప్పాను, అది నిజం.

శనివారం బస్సుకు వస్తున్నాను. ఆదివారం నేను కూడా లేచి నా భాగం చెప్పాలి. ఇంటికి రాగానే ముందు నిన్ను తిడతాను, నువ్వు కూర్చుని వినాలి, మధ్యలో బైబిలు వాక్యాలు చెప్పకూడదు. తర్వాత నువ్వు నన్ను తిట్టు. అదంతా అయ్యాక ప్రార్థన నువ్వే మొదలుపెట్టు. చెల్లి పేరు దగ్గర నాకు గొంతు రాకపోతే ముందుకు వెళ్ళిపోకు. నేను అందుకునేదాకా ఆగు.

నీ పెద్దది