పసుపు మూలలు

మహితా, ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవే. ముందు నీ కార్డు సంగతి.

పక్కింటి కొమురయ్య పోయాడని నువ్వు చేసి పంపిన పరామర్శ కార్డు అందింది. అచ్చువేసిన పూలు, మిషన్‌తో కత్తిరించిన సీతాకోకచిలుక బాగానే ఉన్నాయి. నాలుగు మూలలకూ ఆ పసుపు రంగు ఎందుకు పూశావే? శుభలేఖ అనుకోరా? చదువురాని ఆయన భార్య కౌసల్య అదే అనుకుంది.

"ఎవరి పెండ్లక్కా?" అంది.

"పెండ్లి కాదే. మా మహిత తెలివి గట్లుంది. నీ పెనిమిటి పోయిండని పంపింది."

ఆయన పోయినప్పటి నుంచి కన్నీటి చుక్క రాల్చని మనిషి, ముందు నవ్వింది. తర్వాత నా భుజం మీద పడి ఏడ్చింది. "ఆయన సైకిల్ మీద బడికి పోయిన పిల్ల, ఒక్కపారి మొకం సూపియ్యదా అక్కా?"

రోజూ ఆమె పక్కన కూర్చుని నాకూ ఓపిక అయిపోయింది. పటాన్‌చెరు నుంచి బొంతపల్లికి రావడానికి కార్డుకు దారి తెలిసింది, నీకు తెలియదా? ఆదివారం వస్తావని చెప్పేశాను. ఈ వయసులో నన్ను అబద్ధాలకోరును చేయకు.

మీ నాయనమ్మ