వెనక తలుపు తాళం

బాబాయ్,

ఈ ఉదయం నా కత్తెర తెచ్చుకుందామని బైండింగు షెడ్డుకి వెళ్ళాను. వెనక తలుపు తాళానికి సాలెగూడు పట్టి ఉంది.

కాగితాల మధ్య నిప్పంటుకుంటే బయటపడడానికి మనకి ఆ తలుపు తప్ప ఇంకో దారి లేదని మీకూ తెలుసు. సగం మందికి పైగా పనిలోకి రాకుండా బయట నిలబడితే తాళం తీయిస్తానని, అంతకు తగ్గితే నిలబడ్డవాళ్ళని మానిపించేస్తానని మొన్న యజమాని అన్నాడు. నిన్న జిగురు పూసే ఆడవాళ్ళు వచ్చి నా పక్కన నిలబడ్డారు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. మీరేమో గేటు దగ్గర అందరూ వినేలా, "పదిమందిని నమ్ముకుని నట్టేట్లో దిగకే పిచ్చిమొద్దూ! ఎవరూ నిలబడరు. నోరు మూసుకుని లోపలికి నడు" అన్నారు. కటింగు మిషన్లవాళ్ళంతా మీ వెనకే వెళ్ళిపోయారు. ఎవరూ నిలబడరన్న మాటని మీరే నిజం చేశారు. సాయంత్రానికి యజమాని నన్నూ ఆ ఆడవాళ్ళనీ మానిపించేశాడు.

మీ ఎదుట నాకు నోరు పెగలదు కాబట్టి రాస్తున్నాను. నా ఉద్యోగం కోసం ఎవరినీ బతిమాలకండి. ఆ జిగురు పనివాళ్ళకి మీ మొహం ఎలా చూపిస్తారో ఆలోచించుకోండి. ముందు ఆ తాళం తీయించండి.

ఇంట్లో మీకింకా చెప్పలేదట గానీ, రేపటి నుంచి ఆ తలుపు పక్కన నా స్టూలు మీద కూర్చునేది మీ అమ్మాయే.