పెళుసు సరుకు, కిటికీ పక్కన

మార్కాపురం,
3–4–1958

మద్రాసు గగన రవాణా ఏజెన్సీ వారికి సంతోషమ్మ నమస్కరించి రాయడమేమంటే,

నేను ఇక్కడి ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌ని. వయసు నలభై నాలుగు. మద్రాసు కాలేజీ హాస్టల్లో నా గదిలోనే ఉండిన స్నేహితురాలు ఇప్పుడు సిలోనులోని జాఫ్నాలో, సముద్రం పక్క ఇంట్లో ఉంటోంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి వేసవికీ రమ్మని రాస్తుంది. ప్రతి వేసవికీ నేను వెళ్దామా వద్దా అని ఆలోచిస్తాను. ఆలోచన తెమిలేసరికి బడి తెరుస్తారు. ఈ జూన్‌లో ఆమెకు కొండల్లోకి బదిలీ. ఆ ఇల్లు ఇక ఉండదు. కనుక నాకు ఇదే ఆఖరు వేసవి.

విమానమే ఎందుకంటే, మాది మెట్ట ప్రాంతం. ఇక్కడ పుట్టినవాళ్ళం జీవితమంతా మబ్బును కింద నుంచే చూస్తాం, మెడ నొప్పి పుట్టేదాకా. ఒక్కసారి దాని వీపు చూడాలని ఉంది. పాస్‌పోర్టు పోయిన ఏడే తీసుకున్నాను. దాన్ని తెరిచి చూసుకుంటూ కూర్చోవడం అలవాటైపోయింది.

బేగంపేట, గన్నవరం, మీనంబాకం, తిరుచ్చి అని నాలుగు పేర్లు విన్నాను. మార్కాపురం నుంచి జాఫ్నాకు ఏ విమానాశ్రయం మీదుగా చవక?

ఇట్లు,
సంతోషమ్మ, బి.ఏ., ఎల్.టి.

తా.క. కాగితం పైన ‘పలకల ఫ్యాక్టరీ’ అని అచ్చువేసి ఉంటే పట్టించుకోకండి. మా తమ్ముడు వరప్రసాదం అక్కడ మేనేజరు. ఇంట్లో వేరే కాగితం లేదు.

*

మద్రాసు, సరుకుల శాఖ,
9–4–1958

మార్కాపురం పలకల ఫ్యాక్టరీ వారికి,

అయ్యా, మాకు రోజుకు రెండు వందల ఉత్తరాలు వస్తాయి. అందుచేత కాగితం పైన అచ్చువేసిన పేరు, ప్రశ్న ఉన్న చివరి పేరా మాత్రమే చూసి జవాబు రాయడం మా ఆఫీసు పద్ధతి. తా.క.లు చదవము.

బేగంపేట ఖరీదు. గన్నవరంలో ఎక్కిస్తే మద్రాసులో దించి మళ్ళీ ఎక్కించాలి. మీనంబాకం సులువు. తిరుచ్చి చవక, ఎందుకంటే అక్కడి నుంచి జాఫ్నాకు దూరం తక్కువ. తిరుచ్చి దాకా రైల్లో చేర్చే బాధ్యత తమది. దయచేసి తెలుపగలరు: బరువు ఎంత? పెళుసా? ఏ వైపు పైకి ఉండాలి?

చిత్తగించవలెను,
సుందరరాజు, గుమాస్తా.

తా.క. పోయిన నెల ఒకరు బరువు తగ్గించి రాశారు. తిరుచ్చిలో అందరి ముందూ బయటపడింది.

*

మార్కాపురం,
14–4–1958

సుందరరాజు గారికి నమస్కారాలు.

మీ శ్రద్ధకు ఆశ్చర్యపోయాను. రైల్వే స్టేషన్లో టిక్కెట్టు ఇచ్చేవాడు నా మొహమైనా చూడడు.

బరువు నూట పన్నెండు పౌన్లు. ఫ్యాక్టరీ కాటా మీద, పలకలను గడ్డి వేసి పెట్టెల్లో సర్దే అంకాలమ్మ తూచింది.

“కదలాకమ్మా టీచరమ్మా, ముల్లు ఆడతాంది! పలకలు ఎంత కుదురుగ కూకుంటాయో సూడు,” అని కసిరింది.

“నేను పలకనా, అంకాలమ్మా?”

“పలకవైతే ఎప్పుడో పోయి చేరుందువు. ఇరవై యేండ్లాయె, ఈడనే ఉండావు గదా!”

పెళుసా అన్న ప్రశ్నకు రెండు రోజులు పట్టింది. పైకి గట్టిదాన్నే, బడిపిల్లలంతా అదే చెబుతారు. కానీ 1936లో, హాస్టల్ గది ఖాళీ చేసిన రోజున, ఒకసారి పగిలాను. అతుకు కనబడదు. ‘పెళుసు’ అనే రాసుకోండి. పైకి ఉండవలసింది తలవైపు అనుకుంటాను. అలవాటు కొద్దీ అంటున్నాను, అదే సరైనదని రుజువేమీ లేదు.

దారిలో బరువు పెరిగితే ఏం చేస్తారు?

ఇట్లు,
సంతోషమ్మ.

తా.క. అంకాలమ్మది కొనకనమిట్ల. అక్కడ మూడేళ్ళుగా పైర్లు ఎండిపోతున్నాయి. “పైకి పోయినాక మబ్బులను రవ్వంత మా ఊరి దిక్కుకు నూకమ్మా,” అంటోంది. మీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదోనని ముందే తెలియజేస్తున్నాను.

*

మద్రాసు, సరుకుల శాఖ,
20–4–1958

అయ్యా,

మీ ఉత్తరంలో వెదకగా ‘నూట పన్నెండు’ అనీ, ‘పెళుసు’ అనీ దొరికాయి. సంతోషం.

దారిలో బరువు పెరిగేది చెమ్మ వల్ల. తిరుచ్చిలో ఎండన బోర్లా పరిచి ఆరబెడతాం. పెళుసు కాబట్టి గోనెపట్టాలో చుట్టి తమలపాకుల బుట్టల నడుమ ఇరికిస్తాం, కుదుపు తెలియదు. ఖర్చు మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ అవుతుంది.

ఇక మిగిలింది ఒక్కటే. విలువ ఎంతని ప్రకటిస్తారు? పోయినా, పగిలినా అంతవరకే మా పూచీ.

చిత్తగించవలెను,
సుందరరాజు.

తా.క. నిజాయితీగా రాయండి. అందరూ ఎక్కువే రాస్తారు.

*

మార్కాపురం,
25–4–1958

సుందరరాజు గారికి నమస్కారాలు.

బోర్లా ఆరబెట్టడానికి పెద్ద అభ్యంతరం లేదు. మట్టి అంటినా కనబడని చీర కట్టుకుంటాను. తమలపాకుల వాసన నాకు ఇష్టమే.

విలువ సంగతి. ఇంతవరకు నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. సాయంత్రం పలక ముక్కల దిబ్బ మీద కూర్చున్నాను. ఎండ వాలేటప్పుడు ఆ ముక్కలన్నీ నీళ్ళలా మెరుస్తాయి. కళ్ళు సగం మూస్తే సముద్రమే. పంతొమ్మిదేళ్ళుగా పిల్లల చేత పలకల మీద అక్షరాలు దిద్దించాను. దిద్దినవన్నీ తడిగుడ్డతో తుడిచేశారు. మరి నేను చేసింది ఎక్కడ మిగిలి ఉంది?

“ఎక్కువే రాయి అక్కా. నువ్వు పగిలినా మాకు లాభమే గదా,” అన్నాడు వరప్రసాదం. వాడి మాట వినకండి. విలువ గడిలో ‘చేరాక తెలుపబడును’ అని రాసుకోండి.

అన్నట్టు, నన్ను కిటికీ పక్కన పెడతారా?

ఇట్లు,
సంతోషమ్మ.

*

మద్రాసు,
30–4–1958

పూజ్యులు సంతోషమ్మ గారికి,

అమ్మా, పదిహేడేళ్ళ సర్వీసులో కిటికీ అడిగిన పలకను నేను చూడలేదు. మీ ఉత్తరాలు మూడూ బయటికి తీసి మొదటి నుంచి చదివాను. తా.క.లు కూడా చదివాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మిమ్మల్ని బోర్లా పరుస్తానన్నందుకు క్షమించాలి. మనుషుల టిక్కెట్టు సరుకు ఖర్చుకు నాలుగింతలు. మీనంబాకం నుంచైతే ఇంకా ఎక్కువ, తిరుచ్చే నయం. మే పదిహేనున అక్కడి నుంచి ఒక సీటు ఉంది, కిటికీ పక్కదే. పదో తేదీ దాకా ఆపగలను. వెళ్ళాలో వద్దో నిదానంగా ఆలోచించుకోండి.

తమ విధేయుడు,
సుందరరాజు.

తా.క. ఆలోచించుకోమనడం నా పొరపాటు. మీ మొదటి ఉత్తరం ఇప్పుడే మళ్ళీ చదివాను. దయచేసి ఆలోచించకండి.

*

జాఫ్నా,
24–5–1958

సుందరరాజు గారికి,

సముద్రం పక్క ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నా స్నేహితురాలు లోపల చేపలు వేయిస్తోంది. తలకి రంగు వేసుకోవడం మానేసిందట. నేను ఎప్పుడూ వేసుకోలేదు. ఇద్దరం ఒకేలా ఉన్నాం.

మీకు ఒక నిజం చెప్పాలి. మీ మొదటి జవాబు పైన ‘సరుకుల శాఖ’ అని ఉండటం నేను ఆ రోజే చూశాను. సరిదిద్దుతూ ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను. మనిషిగా అయితే ఎందుకు వెళ్ళాలి, ఈ వయసులో ఏమిటి, ఎవరేమనుకుంటారు అని నన్ను నేనే వంద ప్రశ్నలు అడుగుతాను. ఆ జవాబులో మీరు అడిగినవి మూడే. వెళ్ళాలని ఉందా అని పలకను ఎవరూ అడగరు. అందుకే కాటా ఎక్కాను. దిగేటప్పటికి సగం దారి వచ్చేసినట్టు అనిపించింది. ఆఖరి ఉత్తరంలో మీరు నన్ను మనిషిని చేయగానే పాత సందేహాలన్నీ తిరిగొచ్చాయి. మీ తా.క. లేకపోతే ఆగిపోయేదాన్నే.

తిరుచ్చిలో నిజంగానే తూచారు. నూట పదమూడు. ఆ ఒక్క పౌనూ ఇడ్లీలు. కదలకుండా నిలబడ్డాను.

ఇక విలువ. మబ్బు వీపు మీద ఏమీ రాసి లేదు. తుడిచిన పలకలా ఉంది. దాని మీద మా విమానం నీడ పడింది, నీడ చుట్టూ రంగుల ఉంగరం. ఆ నీడలో నేనూ ఉన్నాను. చాలా చిన్నదాన్నే, కానీ కనబడ్డాను. మీ గడిలో అది రాసుకోండి.

క్షేమంగా చేరిన సరుకు,
సంతోషమ్మ.

తా.క. కొనకనమిట్ల ఎటు ఉందో పైనుంచి ఎంత చూసినా తెలియలేదు. ఉత్తరం అనిపించిన దిక్కుకు అద్దం మీద చేత్తో గట్టిగా నూకాను. పక్క సీటు పెద్దాయన “దోమలా?” అని అడిగాడు. అవునన్నాను.

ఇంకో తా.క. తమ్ముడి జాబు ఇప్పుడే వచ్చింది. మంచి వాన పడిందట, గిద్దలూరులో. అంకాలమ్మ నా మీద మండిపడుతోందట. తిరుగు టిక్కెట్టులో కిటికీ ఇంకోవైపు ఇప్పించండి. ఈసారి గురి తప్పను.