కాయ పగలని రకం

సాస్కటూన్ ఆస్పత్రి, అక్టోబరు

ఒలేనా తల్లీ,

తుంటి ఆపరేషను బాగానే అయింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాను. పక్క మంచం హాల్వర్ కూడా మనలాగే కనోలా నూనెగింజలు పండించే రైతే. కాయ పగిలి గింజ రాలినా సరే, మన పాత రకమే మేలని నేనంటే, "ఏడిశావులే! మీ చేలో నీకంటే పిట్టలకే ఎక్కువ దిగుబడి" అన్నాడు. నవ్వితే కుట్లు లాగాయి.

వచ్చే ఏడు కోత నువ్వొక్కదానివే చూసుకోవాలి. అందుకని నువ్వడిగిన కాయ పగలని రకమే తెప్పించు, కోత ఆలస్యమైనా గింజ రాలదు. మంచు పడకముందే ఈ ఏటి మోళ్లు పీకి, మొదలు కోసి చూడు. లోపల నల్లబడి ఉంటే తెగులున్నట్టే, ఆ చేలో గోధుమ వేద్దాం.

అమ్మ క్యాబేజీ ఊరబెట్టిందా? మీ ఇద్దరినీ దేవుడు చల్లగా చూడాలి. పిట్టలకు వచ్చే ఏడు పస్తేనని చెప్పు.

నాన్న