సుద్దచెయ్యి వేసినవారికి ప్రవేశం లేదట

యువజన సంక్షేమ, వ్యసన విముక్తి విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు, పాత పంపుల గది ఎదురు వీధిలో బట్టలు కుట్టి జీవించు ఒక అక్క విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గంజాయి మానిన కారణముచే మా తమ్ముణ్ణి బరువుల గదిలోనికి రానివ్వకపోవుట, మరల రానిచ్చుట గురించి.

ఈ అర్జీని మొదట పద్ధతి తెలిసిన ఒక పెద్దమనిషి చేత రాయించాను. చాలా చక్కగా రాశారు. "సదరు" అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంది, మా తమ్ముడు మాత్రం ఎక్కడా లేడు. "కోపం అర్జీలో కనపడకూడదమ్మా" అన్నారాయన. కోపం తీసేస్తే ఇక నా దగ్గర రాయడానికి ఏం మిగులుతుంది? అందుచేత ఆయన పద్ధతి కొంత, నా పద్ధతి కొంత కలిపి నేనే రాసుకుంటున్నాను. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు తమ్ముడు నాకు ఒక్కడే. ఇంట్లో మేమిద్దరమే. వాడు అద్దాలు కోసే దుకాణంలో పనిచేస్తాడు. చదువు మధ్యలో ఆగినప్పటి నుంచి గంజాయి అలవాటైంది. ఎలా అయింది, ఎవరు చేశారు అన్న సంగతులు తమ విభాగం వారు నన్ను పదేపదే అడిగి రాసుకున్నారు గనుక మళ్ళీ చెప్పను. నాకు మాత్రం నా టేపు వల్ల తెలిసింది. వాడి చొక్కాలు నేనే కుడతాను. ఏడాది పొడుగునా ప్రతి చొక్కాకూ పక్కలు లోపలికి పట్టాల్సి వచ్చింది. "బాగా చిక్కిపోయావురా" అంటే "పనెక్కువక్కా" అనేవాడు. చేతులు వణికి పెద్ద అద్దం ఒకటి పగలగొట్టాక యజమాని ఇంటికి పంపించేశాడు. అప్పుడు కూర్చుని ఒప్పుకున్నాడు.

2. తమ విభాగం వారు పాత పంపుల గదిని బాగుచేయించి, బార్లు, ఇనప చక్రాలు, బెంచీలు పెట్టించి, గంజాయి మానాలనుకునే కుర్రకారు కోసం తెరిచినందుకు నేను ఋణపడి ఉన్నాను. ఇది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపు కొంచెం ముందుకు వెళ్ళాక వస్తుంది.

ఆ గదికి వెళ్ళమని చెప్పింది ఆసుపత్రి డాక్టరమ్మ. నాకు నవ్వొచ్చింది. "మనసు మాట వినకపోతే ఇనుము ఎత్తమంటారేంటండీ?" అని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. "ఇది మందు కాదమ్మా, చేతికర్ర లాంటిది. నడవాల్సింది అతనే. అందరికీ ఒకేలా పనిచేస్తుందని నేను చెప్పను. కానీ ఈ వయసు వాళ్ళకి మాటలతో పాటు ఒంటికి గట్టి పని దొరికితే ఆ యావ తగ్గడం చూస్తున్నాను. నా దగ్గరికి రావడం మాత్రం మానొద్దు" అంది. వాడు రెండు చోట్లకీ వెళ్ళాడు.

గదిలో నేర్పేది గోదాముల్లో క్రేను నడిపి రిటైరైన ఒకాయన. అందరూ క్రేను మాస్టారనే పిలుస్తారు. ఉపన్యాసాలు చెప్పడం ఆయనకు చేతకాదు. "యావ వచ్చినప్పుడు దాంతో వాదించకండ్రా, మీరు ఓడిపోతారు. బారు పట్టుకోండి. చేతుల్లో బరువుంటే వేరేది పట్టుకోడానికి చోటుండదు" అనేవారట. మావాడు ఇంటికొచ్చి నాకు ఇంకోలా చెప్పాడు.

"దాహంలా ఉండదక్కా. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. బరువెత్తుతున్నంతసేపూ వాడు లాగలేడు. దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుతాను కదా, కాసేపటికి వాడికే విసుగొచ్చి వదిలేస్తాడు."

మధ్యలో ఒకసారి జారి మళ్ళీ తాగాడు. దాచను. మర్నాడు మాస్టారు తిట్టలేదు, చక్రాలు తీసేసి ఉత్త బారు చేతికిచ్చి "మొదట్నుంచి కానీ" అన్నారు. నెమ్మదిగా నిద్ర పట్టింది. తిండి సయించింది. చేతుల వణుకు తగ్గి అద్దాల దుకాణం వాళ్ళు మళ్ళీ పిలిచారు. బట్టలు కుట్టేటప్పుడు లోపల కొంచెం గుడ్డ వదలడం మా పనిలో ఉన్న రివాజు, మనిషి ఎప్పుడైనా ఒళ్ళు చేస్తాడేమోనని. వాడి చొక్కాల భుజాల దగ్గర వదిలిన గుడ్డంతా విప్పి కుట్టేశాను. కుడుతూ ఏడిచాను కూడా. ఇది అర్జీలో రాయకూడదని తెలుసు.

3. ఆ గదిలో వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. బారు జారకుండా అరచేతులకు సుద్దపొడి రాసుకుంటారు గదా. ఆసుపత్రి పరీక్షలో ఏమీ లేదని తేలినవాడు ఆ రోజు సుద్దచేత్తో గోడ మీద అచ్చు వేస్తాడు. కింద వాడి ముద్దుపేరు రాస్తారు. మావాడి చెయ్యి కిందనుంచి రెండో వరసలో ఉంది. పేరు "పుల్ల". అచ్చు వేసిన రోజు నన్ను లాక్కెళ్ళి మరీ చూపించాడు. చిటికెన వేలు కొంచెం వంకరగా పడింది, చిన్నప్పుడు తలుపులో పడ్డ వేలు అది.

4. కొంతకాలం క్రితం తమ తనిఖీ అధికారి గారు వచ్చారు. గోడ మీద ఈ చేతులేమిటని అడిగారు. క్రేను మాస్టారు మురిసిపోయి ఒక్కొక్క చెయ్యీ చూపిస్తూ, ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి పక్కన నిలబెట్టి, "వీడు మానాడండి, వీడూ మానాడండి" అని చెప్పుకున్నారు. అధికారి గారు భుజం తట్టారు. ఫొటోలు తీయించారు. అందరికీ టీ ఇప్పించారని కూడా విన్నాను. తరవాతి వారమే గేటుకు కాగితం వేలాడింది. పథకం వ్యసనపరులకు ఉద్దేశించినది గనుక, "ఫలితము సాధించినవారికి" ఇకపై ప్రవేశం లేదట. ఎవరెవరు సాధించారో వెతుక్కునే శ్రమ కూడా తమవారికి లేకపోయింది. గోడ చూసుకుని ఆపేశారు.

మాస్టారు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "నేను గొప్పలకు పోయానమ్మా. నోరు మూసుకుని ఉంటే పిల్లలు లోపలే ఉండేవాళ్ళు" అన్నారు. పిల్లలు బాగుపడ్డారని చెప్పడం కూడా తప్పేనని ఆయనకెలా తెలుస్తుంది?

5. నేను తమ కార్యాలయానికి చెప్పులరిగేలా తిరిగాను. గుమాస్తా గారు చెడ్డవారు కారు, ప్రతిసారీ కుర్చీ చూపించారు. మా మధ్య జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ తమ్ముడికి పరీక్షలో ఏమొచ్చిందమ్మా?"

"ఏమీ రాలేదండి. శుభ్రంగా ఉంది."

"అయితే అతను లబ్ధిదారుడు కాడు."

"మానినవాడే కదండీ లబ్ధి పొందినవాడు?"

"అదేనమ్మా. పొందేశాడు. ఇంక వేరేవాళ్ళు పొందాలి."

"వాడు మానింది అక్కడికెళ్ళడం వల్లే. వెళ్ళకపోతే మళ్ళీ మొదలైతే?"

"మొదలైతే నిక్షేపంగా రావచ్చు. తిరగబెట్టిన కేసులకి ముందు వరసలో చోటిస్తాం."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరకే అన్నారా? తమ కార్యాలయం నీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మావాడు వెళ్ళి అడుసు తొక్కి రావడమే ఆలస్యం.

6. తమ కార్యాలయం మెట్ల దగ్గర ఒక పెద్ద పోస్టరు ఉంది. "మన విజయం" అని దాని పేరు. అందులో ఉన్నది పంపుల గది గోడే. కిందనుంచి రెండో వరసలో వంకర చిటికెన వేలు నేను గుర్తుపట్టాను. నా తమ్ముడి చేతి కిందుగా నడిచి, పైకెక్కి, నా తమ్ముడికి ఆ గదిలో చోటు లేదని విని, మళ్ళీ అదే చేతి కిందుగా దిగి వచ్చాను. అయ్యా, చెయ్యి లోపల ఉండవచ్చునట, మనిషి ఉండకూడదట. ఎత్తిపొడుపు వస్తుందని ముందే చెప్పి ఉన్నాను.

7. చోటు చాలదన్న వాదన ఒకటి వినిపించారు. తమరు సాయంత్రం పూట ఒకసారి దయచేస్తే తెలుస్తుంది. బెంచీ మీద పడుకుని బారు ఎత్తేవాడి తల దగ్గర ఇంకొకడు చేతులు చాపి నిలబడాలి, బారు గొంతు మీద పడకుండా. తోడెత్తడం అంటారు దాన్ని, ఆ పని పాతవాళ్ళు చేసేవారు. పాతవాళ్ళను బయటికి పంపాక మాస్టారు ఒక్కరే మిగిలారు, ఆయనకు నడుం నొప్పి. కొత్తవాళ్ళకు భయం వేసి సగం మంది మానేశారు. మానేయడమంటే గదికి రావడం మానేశారు, గంజాయి కాదు. ఇప్పుడక్కడ బార్లు ఎక్కువ, మనుషులు తక్కువ.

ప్రైవేటు జిమ్ముకు పొమ్మని కూడా సలహా ఇచ్చారు. వెళ్ళాడు. అక్కడ అందరూ చెవుల్లో పాటలు పెట్టుకుని అద్దంలో తమను తాము చూసుకుంటారు. "నా చేతులు వణికితే అక్కడ ఎవరూ అడగరక్కా. పంపుల గదిలో అయితే నేను బారు ముట్టుకోకముందే కనిపెట్టేస్తారు" అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు.

8. ప్రస్తుతం సదరు తమ్ముడు ఇంటిని పంపుల గదిగా మార్చుటకు ప్రయత్నించుచున్నాడు. నా గుడ్డ తానులు భుజాన వేసుకుని కూర్చుని లేస్తున్నాడు. నీళ్ళ డబ్బాలు చెరో చేత్తో పట్టుకుని వసారాలో పచార్లు చేస్తున్నాడు. మొన్న నేను ప్యాంటుకు అంచు కుడుతుండగానే కుట్టుమిషను ఎత్తబోయాడు. అది జారి మీద పడి కత్తిరింపు బల్ల కాలు విరిగింది. కింది వాటా వాళ్ళు వచ్చి, పైన ఏనుగును పెంచుతున్నారా అని అడిగి వెళ్ళారు. ఇవన్నీ నేను భరిస్తాను. కానీ ఇంట్లో తోడెత్తేవాడు లేడు, నేర్పేవాడు లేడు, నడుం పట్టేస్తే చూసేవాడు లేడు. పైగా ఏ తానూ వాడికి చాలినంత బరువు లేదు.

9. ఇక అసలు సంగతి. సాయంత్రం పని దిగాక వాడు తిన్నగా పంపుల గది గేటు దగ్గరికే వెళ్తున్నాడు. కాళ్ళు అటే పోతాయట. ఊచలు పట్టుకుని లోపల ఇనుము చప్పుడు వింటూ నిలబడతాడు. తమరు గమనించవలసింది ఏమనగా, గేటు బయట ఊరికే నిలబడే కుర్రవాళ్ళ కోసమే అక్కడికి వేరేవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళు పరీక్ష ఫలితం అడగరు. ఎవరికైనా చోటిస్తారు.

నిన్న ఇంటికొచ్చి, గుండీ కుడుతున్న నా పక్కన కూర్చుని, ఎంతో మామూలుగా అన్నాడు: "అక్కా, ఒక్కటి తాగి పరీక్షకెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారు కదా?"

"నీకు మతి పోయిందా?" అన్నాను.

"నాకు పోలేదు. రూలు అలా ఉంది."

నా చేతిలో సూది ఉండబట్టి కొట్టలేదు. తరవాత ఆలోచిస్తే కొట్టాల్సింది వాణ్ణి కాదనిపించింది. నాకు భయంగా ఉంది అయ్యా. వాడు ఆ ఒక్కటితో ఆగుతాడని నేను అనుకోను, వాడూ అనుకోవడం లేదు.

కావున తమరు దయతలచి:

మానినవారు మానినవారుగానే ఉండుటకు ఆ గదిలోనికి రావచ్చునని ఒక్క ముక్క రాసి గేటుకు వేలాడదీయించగలరు. కొత్తవారికి అడ్డు అనుకుంటే పాతవారిని తోడెత్తేవారిగా పెట్టుకోవచ్చు, జీతం అడగరు. అదీ కుదరదంటే, పోస్టరులో నుంచి మా తమ్ముడి చెయ్యి తీసి మాకు ఇచ్చేయగలరు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. అవసరమైతే తమకూ, గుమాస్తా గారికీ చెరొక కోటు కుట్టి ఇవ్వగలను అని రాసి, లంచం అంటారేమోనని కొట్టివేశాను.

ఇందలి కష్టాన్ని దయతో చిత్తగించవలెను. దయకు తీరిక లేనిచో విసుగుతోనైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (గేటు కాగితం మారే వరకు),
పుల్ల వాళ్ళ అక్క

తా.క.: సంతకం పెట్టి అర్జీ మడుస్తుండగా మావాడు వచ్చాడు. జేబులోంచి తీసి, విరిగిన కాలికి చెక్క కట్టిన నా బల్ల మీద, కత్తెర పక్కన ఒకటి పెట్టాడు. కాగితంలో చుట్టి ఉంది, ముట్టించలేదు. గేటు దగ్గర ఎవరో ఇచ్చారట.

"ఇది తాగితే పరీక్షలో వస్తుంది, గేటు తీస్తారు. తాగకపోతే బయటే ఉంటాను. నువ్వు పెద్దదానివి. ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు.

"అర్జీ రాశానురా, ఆగు" అన్నాను.

"జవాబు ఎప్పుడొస్తుంది?"

తెలియదన్నాను. దాన్ని గుండీల డబ్బాలో పెట్టి మూత బిగించాను. వాడే దగ్గరుండి బిగించమన్నాడు. తరవాత నా పాత ఇస్త్రీ పెట్టె తీసుకుని, ఒక చేత్తో కాసేపు, రెండో చేత్తో కాసేపు ఎత్తుతూ నా ఎదురుగానే కూర్చున్నాడు. బాగా బరువైన పెట్టె అది. చెమట పట్టింది, ముఖం కొంచెం తేలికపడింది. కానీ రేపు పొద్దున్నే ఇవ్వాల్సిన కోటు ఒకటి ఉంది, ఇస్త్రీ చెయ్యాలి. పెట్టె ఇవ్వమని అడిగాను. ఇచ్చేశాడు.

అయ్యా, ఇప్పుడు వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి.