బాబాయ్ భుజాల మీద మెరుపులు

నందిగామ,
సోమవారం

ప్రియమైన రత్నమణి పిన్నికి,

వెస్లీ వందనాలు. ఫోన్ చేస్తే నీ గొంతు వినాల్సొస్తుందని భయపడి ఉత్తరం రాస్తున్నా. నిన్న సొలొమోను బాబాయ్ ఏడాది జ్ఞాపకార్థ కూడికలో నేను చేసిన వీడియో అవ్వకుండానే చర్చిలోంచి బయటపడి, భోజనానికి కూడా ఉండకుండా బస్సెక్కేశా. తల కొట్టేసినట్టయింది పిన్నీ.

జరిగింది చెప్తా. బాబాయ్ ఫొటో మీద తెల్లటి పూరేకులు రాలాలనుకున్నా. సాఫ్ట్‌వేర్‌లో రెడీగా ఉన్నవి వాడితే గుప్పిళ్లతో విసిరినట్టు ముఖమంతా కప్పేస్తాయి. ఒక్కో రేకు ఎంత మెల్లగా దిగాలి, గాలికి ఎంత ఊగాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ నా చేతిలో ఉండాలని పట్టుబట్టి నేర్చుకున్నా. రేకులు ఆయన భుజాల మీద వాలి ఆగేలా చేశా. ముఖం మీద ఒక్కటీ పడలేదు. ఆ గర్వమే నన్ను ముంచింది. ఎవరిదో ఓణీల ఫంక్షన్‌కి చేసిన పాత ఫైల్ మీదే ఇది కట్టా. రేకు దేనికైనా తగిలితే మెరుపులు చిమ్మాలని అందులో పెట్టి ఉంది. కంప్యూటర్ నెమ్మదిస్తోందని దాన్ని కనపడకుండా ఆపానే గానీ తీసెయ్యలేదు. చివరికి తయారైన వీడియోలో అది మళ్లీ వచ్చేసింది. పంపేముందు ఒక్కసారి మొత్తం చూసుకోవాల్సింది. చూసుకోలేదు.

చనిపోయిన మనిషి భుజాల మీద చిచ్చుబుడ్లు వెలిగించినట్టయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు, ఆ తర్వాత పిల్లలంతా నవ్వారు. ముందు నవ్విందెవరో చూడ్డానికి కూడా మొహం చెల్లలేదు.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుపడుతూ,
నీ వెస్లీ

*

జగ్గయ్యపేట,
బుధవారం

వెస్లీకి పిన్ని దీవెనలు.

ఉత్తరం అందింది. అయిందేదో అయింది. మా ఆడపడుచు మాత్రం, "నీ సొంత అక్క కొడుకే ఇలా ఎగతాళి చేస్తే ఇంకెవర్నంటాం" అంటోంది. నేనేం మాట్లాడలేదు. ఎవరు నవ్వారని ఆరా తియ్యకు. ఆ మెరుపులు తీసేసి వీడియో మళ్లీ పంపు. ఎదురింటి రోజారమణి నందిగామ ఆఫీసుకొస్తుంటే ఇది ఇచ్చి పంపుతున్నా.

రత్నమణి

*

నందిగామ,
గురువారం

ప్రియమైన పిన్నికి,

నాలుగు ముక్కలే రాశావు. నీ కోపం పోలేదని తెలిసింది. మెరుపులు తీసేశా. ఈ ఆదివారం మీ చర్చికొచ్చి, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి సంఘం ముందు క్షమాపణ చెప్పుకుంటా. పాస్టర్ గారిని ఫోన్లో అడిగితే సరేనన్నారు. ఆ తర్వాత ఈ గ్రాఫిక్స్ పని మానేస్తా పిన్నీ. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ నవ్వే వినపడుతోంది.

నీ వెస్లీ

*

జగ్గయ్యపేట,
శుక్రవారం

నా బంగారు వెస్లీకి,

నువ్వు లేవొద్దు. ముందు నవ్వింది నేనేరా.

మీ బాబాయ్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి భుజాలు దులుపుకునేవాడు. గుప్పున దుమ్ము లేచేది. "కడిగిన ఇంట్లోనా, అవతలకి పోయి దులుపుకో" అని నేను తిట్టేదాన్ని. నన్ను ఉడికించడానికి ఆయన ఇంకోసారి దులిపేవాడు. ఆ తెర మీద ఆయన భుజాల మీంచి అలా లేచేసరికి తిట్టబోయి నవ్వేశా. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. వెంటనే కొంగు నోట్లో కుక్కుకున్నా. ఏడుస్తున్నాననుకుని పక్కవాళ్లు వీపు నిమిరారు.

మొగుడి కూడికలో నవ్విందంటారని నోరు మూసుకున్నా. మా ఆడపడుచు నిన్నన్నప్పుడూ మూసుకునే ఉన్నా. నువ్వంత ఏడుస్తూ రాస్తే, ఏమీ ఎరగనట్టు జవాబు పంపా. నిన్ను ముందుకు తోసి నీ వెనక దాక్కున్నాన్రా. సిగ్గుతో చచ్చిపోతున్నా.

ఈ పొద్దున మా ఆడపడుచుకి చెప్పేశా. నాతో మాట్లాడటం మానేసింది. మాననీ. ఆదివారం సాక్ష్యం నేను చెప్తా, నువ్వు నా పక్కన కూర్చో. పని మానేస్తానన్న మాట ఇంకెప్పుడూ అనకు.

ఒక్కటడుగుతా. ఆ బంగారు రంగు కాకుండా, సిమెంటు రంగులో కాస్త దుమ్ము లేపగలవా? ఎడమ భుజం మీంచి ఎక్కువ లేవాలి. కుడిచేతి వాటం కదా, అటువైపు గట్టిగా కొట్టుకునేవాడు.

మీ పిన్ని