ఈరన్న విమానానికి ఎవరూ రావద్దు

ధర్మవరం

అక్కకు ఈరన్న నమస్కారాలు.

ఇక్కడ నేను, మంజుల, విమానం క్షేమం. హిందూపురంలో నువ్వు, బావ, బావ మోకాళ్ళు క్షేమమని తలుస్తాను. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు వినబడదు. నేను అరిచేది మా వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

రిటైరయ్యాక నేను చేసిన మొదటి బొమ్మ విమానం సంగతి నీకు తెలుసు. ఇది రెండోది. రెక్కలు బారెడు. నేల మీద నిలబడి చేతిలో రిమోటుతో నడపాలి. ఇంతవరకు గాలిలోకి లేవలేదు. పెనుకొండ దగ్గర మీ బీడు చదునుగా ఉంది కదా, వచ్చే నెల మొదటి ఆదివారం అక్కడ ఎగరేసుకుంటాను. బావను అడిగి ఒక మాట రాయి. ఎవరికీ చెప్పొద్దు, ఎవరూ రావద్దు. మొదటిసారి ఎగిరేది ఎలా ఉంటుందో దేవుడికి కూడా తెలియదు.

నీ తమ్ముడు,
ఈరన్న

తా.క.: మొదటిది పక్కింటి రమాదేవిగారి మిద్దె మీద ఆరేసిన వడియాల్లో పడింది. ఇప్పటికీ వీధి పిల్లలు నన్ను 'వడియాల సారు' అంటున్నారు. ఇదీ పడితే నేనిక జిగురు డబ్బా ముట్టను.

•

హిందూపురం

తమ్ముడు ఈరన్నకు అక్క కుళ్ళాయమ్మ దీవెనలు.

బీడు నీది కాదా అప్పా? అడగాల్నా? మీ బావ అప్పుడే కంపచెట్లు కొట్టిస్తాండాడు.

కానీ నీ ఉత్తరం చదివి నాకు కడుపు తరుక్కుపోయింది. "ఎవరూ రావద్దు" అని రాస్తివి. నాకు తెలీదా? మా కొత్తింటి గృహప్రవేశానికి వాట్సాప్‌లో కార్డు పంపినామే కానీ, ఇంటికొచ్చి మంజులకు బొట్టు పెట్టి పిలవల్యా. అది నీ మనసులో ఉండాది. అలిగినోడు ఎప్పుడన్నా "నేను అలిగినా" అని చెప్తాడా? "ఎవరూ రావద్దు" అనే అంటాడు.

ఈసారి ఆ తప్పు జరగనీను. మన వాళ్ళందరినీ నేనే ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలుస్తా. అయ్యవారిని అడిగినా. ఆదివారం పదిన్నరకు దివ్యమైన ముహూర్తం ఉండాదంట.

నీ అక్క,
కుళ్ళాయమ్మ

తా.క.: విమానానికి పెట్రోలా, డీజిలా అని మీ బావ అడగమన్నాడు. ట్రాక్టరుకు తెచ్చింది ఒక క్యాను మిగిలిందంట.

•

ధర్మవరం

అక్కకు నమస్కారాలు.

నేను అలగలేదు. ఒట్టు. నీ గృహప్రవేశంలో మూడుసార్లు పాయసం వేయించుకున్నాను, అలిగినవాడు అలా తింటాడా?

"ఎవరూ రావద్దు" అంటే ఎవరూ రావద్దనే అర్థం. పొద్దెక్కితే అక్కడ కొండ గాలి లేస్తుంది. పదిన్నరకు దివ్యమైన ముహూర్తమే కావచ్చు, గాలికి ఆ సంగతి తెలియదు కదా. తెల్లవారగానే ఎగరేయాలి. నిజం చెబుతున్నా అక్కా, నాకు భయంగా ఉంది. నలుగురి ముందు పడి, నలుగురూ నవ్వితే ఈ వయసులో నేను తట్టుకోలేను. మంజులను కూడా రావద్దన్నాను. దయచేసి బీడు ఒక్కటి ఇవ్వు, చాలు.

ఈరన్న

తా.క.: విమానం బ్యాటరీతో నడుస్తుంది. డీజిలు ట్రాక్టరుకే పోయమను.

•

హిందూపురం

తమ్ముడికి అక్క దీవెనలు.

మంజులను కూడా రావద్దన్నావా! వెంటనే ఆ పిల్లకు ఫోన్ చేస్తి. "ఆయన మంచం మీద విమానాన్ని పండబెట్టి, కింద చాప మీద పండుకుంటాండాడు వదినా, నేను హాల్లో పండుకుంటాండా" అన్య. ఇంత జరుగుతాంటే నాకు ఒక్క మాటన్నా రాయకూడదా?

నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. బత్తలపల్లి నుంచి మంజుల అన్నను, వదినెను పిలిపిస్తాండా. నాలుగు మంచి మాటలు చెప్పి మీ ఇద్దరినీ కలుపుతారు. అంతదూరం నుంచి వచ్చేవాళ్ళకు సంగటి, కోడికూర, ఓళిగలు పెట్టకుంటే బాగుంటాదా? షామియానాకు చెప్పినా. తప్పెట్ల వాళ్ళకూ చెప్పినా. షామియానా సామాను శుక్రవారమే దింపిపోతారంట. రెండు రోజులు ఎవురో ఒకరు ఆడ కాపలా పండుకోవాల. మీ బావను పండుకోమన్నా.

కుళ్ళాయమ్మ

తా.క.: విమానం ఎంత పైకి పోతాదో కొంచెం రాయి. దానికి ఎండ తగలకుండా అంత ఎత్తున కట్టాలంటే పొడుగు కట్టెలు కావాలని షామియానా అబ్బి అంటాండాడు.

•

ధర్మవరం

అక్కా,

ఆకాశానికి షామియానా కడతారా ఎవరైనా? నాకూ మంజులకూ ఏ గొడవా లేదు. రెక్క జిగురు ఆరాలని మంచం మీద పెట్టాను, అంతే!

సరే. నువ్వు పిలిచేశావు, వాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు నేనేం చేయగలను? షామియానా బీడుకు ఓ మూలన వేయించు. తప్పెట్లు మాత్రం వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఈరన్న

తా.క.: ఓళిగలు కొబ్బరివా, పప్పువా?

•

ధర్మవరం

అక్కకు నమస్కారాలు.

ఆదివారం జరిగింది నువ్వు కళ్ళారా చూశావు. పదిన్నరకు టెంకాయ కొట్టారు, పదిన్నరకే గాలి లేచింది. విమానం మనిషెత్తు లేచి, పక్కకు వాలి, నేరుగా పోయి నీ షామియానా గుడ్డలో పడి ఊయలలో బిడ్డలాగా ఊగింది. అందరూ చప్పట్లు కొట్టారు. బత్తలపల్లి బావమరిది "బాగా దిగింది బావా" అని నా చేయి ఊపాడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు, పాపం. మంజుల నవ్వలేదు. తల వంచుకుని ఓళిగ తుంచుతూ కూర్చుంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

నీకు చెప్పని మాట ఒకటి ఉంది. మీ అందరి ముందు పడుతుందేమోనని భయమేసి, ముందురోజు, శనివారం తెల్లవారుతుండగానే ఒక్కడినే ఆటోలో బీడుకు వెళ్ళాను. డ్రైవరు తిరుపాలు రోడ్డు మీదే ఆటోలో నిద్రపోయాడు. కాపలాకు ఉంటాడన్న బావ కూడా కనబడలేదు. ఆకు కూడా కదలడం లేదు. అక్కా, అది ఎగిరింది! కొండ కేసి పోయి, రెండు చుట్లు తిరిగి, నా కాళ్ళ దగ్గరికొచ్చి దిగింది. సంతోషం పట్టలేక చెబుదామని వెనక్కి తిరిగితే ఒక్క మనిషి లేడు. ఎవరూ రావద్దన్నది నేనే కదా.

ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? మంజులకు కూడా చెప్పలేదు. ఓడిపోయి కథలు అల్లుతున్నానని అనుకుంటుంది. విమానాన్ని అటక మీద పెట్టేశాను. జిగురు డబ్బా కూడా.

నీ తమ్ముడు,
ఈరన్న

తా.క.: వీధి పిల్లలు పేరు మార్చారు. ఇప్పుడు 'షామియానా సారు'.

•

హిందూపురం

నా బంగారు తమ్ముడు ఈరన్నకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడిస్తి. ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తా.

శనివారం నేను ఆడే ఉంటి. శుక్రవారం సాయంత్రం మీ బావకు మోకాళ్ళు పట్టేస్తే, షామియానాకు కాపలా నేనే పోతి. తెల్లారుజామున ఆటో చప్పుడుకు లేచి చూస్తే నువ్వు. "అయ్యో, ఎవరూ రావద్దన్నాడే, నన్ను చూస్తే భయపడతాడే" అని ఆ గుడ్డల చుట్ట వెనకాల కూర్చుంటి.

అంతా చూసినా నాయనా. చెప్పులు విడిచి విమానానికి దండం పెట్టినావు. అది ఉరికి ఉరికి లేచింది. అది లేస్తానే నేను "అబ్బో, నా తమ్ముడే!" అని గట్టిగా అరిస్తి. కొండ మీద కోతులు కూడా ఉలిక్కిపడినాయి. నీకు వినబడల్యా. విమానం దిగినాక, పంచె ఎగ్గట్టి నువ్వు చిందేసినావు. మన నాయన కూడా పంట బాగా పండిన ఏడు అట్లనే చిందేసె. అంతలోనే వెనక్కి తిరిగి అటూ ఇటూ చూసి, కండువాతో మొగం తుడుచుకున్యావు. ఆ పొద్దు నాకు లేచి నీకాడికి ఉరకాలనిపించింది. కానీ రావద్దన్నావు కదా అని అట్లనే కూర్చుంటి. పుట్టినప్పటి నుంచి నువ్వు చెప్పిన మాట చెప్పినట్ల విన్నది ఆ ఒక్కసారే. అదే తప్పైపాయ. ఇంకెప్పుడూ విననులే.

నిన్న మంజులకు ఫోన్లో అంతా చెప్పినా. ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఎంత ఎత్తు పోయింది వదినా?" అన్య. కొండ అంచు దాటిందని చెప్పినా. కొంచెం ఎక్కువే చెప్పినాలే. ఈ ఉత్తరం నీకు చేరేలోపు ఆ పిల్ల అటక ఎక్కకుండా ఉంటే నా పేరు కుళ్ళాయమ్మ కాదు.

వచ్చే ఆదివారం తెల్లారే ఎగరెయ్యి. షామియానా లేదు, ముహూర్తం లేదు, మంజుల మాత్రం ఉంటాది.

నీ అక్క,
కుళ్ళాయమ్మ

తా.క.: నేను మాత్రం పిలవకుండా రాను. మంజులను పంపి బొట్టు పెట్టించు. వాట్సాప్‌లో పిలిస్తే నిజంగానే అలుగుతా.